‘బలగం’ చిత్రంలో కరుణరసం – ప్రాంతీయ వాస్తవికత

సిరిసిల్ల ప్రాంత పల్లెజీవనాన్ని చిత్రించిన ‘బలగం’ (2023, దర్శకుడు వేణు యెల్దండి) రససిద్ధాంత దృష్టితో పరిశీలించదగినది. కొమురయ్య మరణం కథ తొలిభాగంలోనే సంభవించినా శోకం వెంటనే పండదు. కట్నంతో అప్పు తీర్చాలనుకున్న మనవడు సాయిలుకు పెళ్ళి ఆగుతుందన్న దిగులే ముందుంటుంది. అందుచేత అక్కడ హాస్యం ప్రధానం. పిండాన్ని కాకి ముట్టకపోవడం కుటుంబంలోని పగుళ్ళకు ప్రతీకగా మారిన తరువాతనే కరుణం పరిపుష్టమవుతుంది. అప్పుడు ఆలంబన విభావం మృతుడు కాదు, చెదిరిన బంధుత్వం. నల్లిబొక్క దగ్గర మొదలైన పట్టింపు, దినకర్మలు, మాండలికం ఇక్కడ అలంకారాలు కావు, కథను నడిపే కారణాలు. చివరి బుడగజంగాల గానం పాత్రలను కదిలించి కలుపుతుంది. మౌఖిక సాహిత్యానికి కథాగమనంలో దక్కిన ఈ స్థానమే చిత్రాన్ని ప్రాంతీయ అస్తిత్వ సాహిత్యధోరణికి చేరువ చేస్తున్నది.