వక్రా తీరం: చమురుకు ముందు నడిచిన బాకీల చరిత్ర

దోహాకు దక్షిణంగా, అల్ వుకైర్ దాటి వెళ్తే వచ్చే బిర్కత్ అల్ అవామిర్‌ను చూసినవాళ్ళెవరికీ అక్కడ పాత చరిత్ర ఉంటుందని తోచదు. గోదాములు, ట్రైలర్ల వరసలు, కార్మికుల వసతి భవనాలు. లాజిస్టిక్స్ పార్కు కోసం ప్రభుత్వం ప్లాట్లు వేసి ఇచ్చిన నేల అది. జగిత్యాల నుంచో, కడప నుంచో వచ్చి అక్కడ పనిచేసుకుంటున్న మనవాళ్ళను కతార్ చరిత్ర అడిగితే మూడు ముక్కల్లో చెప్తారు: ఒకప్పుడు ఒట్టి ఎడారి, తర్వాత చమురు పడింది, డబ్బొచ్చింది. ఇందులో మొదటి ముక్క తప్పు. చమురుకు ముందు ఇక్కడ ఉన్నది కష్టపడే ఒక సముద్ర తీరం. దాని లెక్కలు బొంబాయితో ముడిపడి ఉండేవి. దాని సరుకు హైదరాబాద్ నిజాం మెడ దాకా వచ్చింది.

బిర్కత్ అల్ అవామిర్ పరిపాలనా రీత్యా అల్ వక్రా మున్సిపాలిటీలో ఉంది. తీరాన ఉన్న వక్రా పట్టణమే ఈ ప్రాంతానికి పెద్ద ఊరు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అది ఎలా ఉండేదో చెప్పే ముఖ్యమైన ఆధారం ఒకటుంది. బ్రిటిష్ ఇండియా ప్రభుత్వ అధికారి జె.జి. లోరిమర్ గల్ఫ్ ప్రాంతం మొత్తం మీద ఒక భారీ గెజిటీర్ తయారుచేశాడు. అందులో ఊళ్ళ వివరాలున్న సంపుటం 1908లో వచ్చింది. అప్పట్లో అది రహస్య పత్రం, అధికారుల వాడకానికే అచ్చువేశారు. దాని ప్రకారం కతార్ మొత్తం జనాభా సుమారు 27 వేలు. దోహాలో 12 వేలు, వక్రాలో 8 వేలు. అంటే వక్రా ఆ రోజుల్లో దేశంలో రెండో పెద్ద ఊరు.

ఆ గెజిటీర్‌లోనే మరో లెక్క ఉంది. కతార్ నుంచి ముత్యాల వేటకు వెళ్ళే పడవలు 817, వాటి మీద పనిచేసే మనుషులు 12,890. వక్రా వాటా దాదాపు 150 పడవలు. జనాభా అంకె పక్కన ఈ అంకె పెట్టి చూడండి. సీజనుకు బయటి నుంచి వచ్చి పడవ ఎక్కేవాళ్ళు కొందరు ఉండేవారు నిజమే. అయినా ముసలివాళ్ళను, ఆడవాళ్ళను, పసిపిల్లలను తీసేస్తే, ఒంట్లో సత్తువ ఉన్న మగవాళ్ళలో అత్యధికులు ఎండాకాలమంతా సముద్రం మీదే ఉండేవారన్న మాట.

ఆ పని ఎలా సాగేదో కొంచెం దగ్గరగా చూడాలి. పెద్ద వేట సుమారు నాలుగు నెలలు, జూన్ నుంచి సెప్టెంబర్ చివరి దాకా. పడవకు పెద్ద నోఖదా, మన రేవుల్లో సరంగు లాంటివాడు. నీళ్ళలో దిగేవాడు గైస్. పైన ఉండి తాడు లాగేవాడు సైబ్. చేతి సాయానికి, పని నేర్చుకోడానికి వచ్చిన పిల్లలు కూడా ఉండేవారు. అలసట తెలియకుండా పాట ఎత్తుకునే నహ్హామ్ ఉండేవాడు, అతనికీ పనిలో భాగంగానే కూలి. గైస్ ముక్కుకు కొమ్ముతోనో తాబేటి చిప్పతోనో చేసిన బిగింపు పెట్టుకుని, వేళ్ళకు తోలు తొడుగులు వేసుకుని, మెడకు వల బుట్ట తగిలించుకుని, కాలికి రాయి కట్టిన తాడుతో కిందికి జారేవాడు. ఒక నిమిషం అటూ ఇటూగా ఊపిరి బిగబట్టి అందినన్ని చిప్పలు ఏరి తాడు కదిపేవాడు. సైబ్ లాగేవాడు. సైబ్ ఒక్క క్షణం ఏమరితే కింద ఉన్నవాడు బతకడు. ఇలా రోజుకు పదుల సార్లు. పొద్దున కాస్త ఖర్జూరం, కాఫీ. సరైన తిండి సాయంత్రం పని ముగిశాకే, అన్నం, చేప.

ఏరిన చిప్పలన్నీ పడవ మీద ఒకే కుప్పగా పోసేవారు. మర్నాడు పొద్దున్నే నోఖదా కళ్ళెదుట అందరూ కూర్చుని వాటిని విప్పేవారు. కాబట్టి ఏ ముత్యం ఎవరు తెచ్చిందో తెలిసే దారి లేదు. దొరికిన ప్రతి ముత్యం నోఖదా చేతిలోకి, అక్కడి నుంచి తవ్వాష్ అనే వ్యాపారి చేతిలోకి వెళ్ళేది.

నా దృష్టిలో ఈ చరిత్రకు గుండెకాయ బాకీ పద్దు. సీజను మొదట్లో గైస్‌కు ఇంటి ఖర్చులకని నోఖదా కొంత ముందే ఇచ్చేవాడు. చలికాలంలో పని ఉండదు కాబట్టి అప్పుడు మరికొంత. నోఖదా తాను కూడా ఆ డబ్బును వ్యాపారి దగ్గర తెచ్చేవాడు. సీజను ముగిసి ముత్యాలు అమ్మాక ముందుగా తిండి ఖర్చు, పడవ వాటా తీసేసేవారు. మిగిలినదాన్ని భాగాలు వేసి గైస్‌కు మూడు, సైబ్‌కు రెండు చొప్పున పంచడం సాధారణ పద్ధతి. ఆ భాగం లోంచి ముందిచ్చిన బయానా మినహాయించేవారు. ఇస్లాంలో వడ్డీ నిషిద్ధం కాబట్టి వడ్డీ అనే మాట పద్దులో ఉండేది కాదు. బియ్యం, బట్ట ఎక్కువ ధరకు లెక్క కట్టడంలో, ముత్యాన్ని తక్కువ ధరకు తీసుకోవడంలో అది దాగి ఉండేది. చేపలు బాగా పడిన ఏడాది జాలరి నాలుగు రూకలు కళ్ళజూస్తాడు. ఇక్కడ ముత్యాలు బాగా పడిన ఏడాది కూడా చాలామందికి బాకీ కొంత తగ్గడమే లాభం.

బాకీ ఉన్న గైస్ మరో నోఖదా పడవ ఎక్కాలంటే పాత నోఖదా నుంచి 'బర్వా' అనే కాగితం తెచ్చుకోవాలి. బాకీ తీరిందనో, ఇంత ఉందనో అందులో రాసి ఉండేది. ఉన్న బాకీని కొత్త నోఖదా తన నెత్తిన వేసుకుంటేనే మనిషి కదిలేది. గైస్ చనిపోతే బాకీ కొడుకు మీదో తమ్ముడి మీదో పడేది, వాళ్ళు పడవ ఎక్కేవారు. కతార్‌లో కంపెనీ మారడానికి ఎన్‌ఓసీ కోసం ఏళ్ళ తరబడి తిరిగిన మనవాళ్ళకు ఈ కాగితం సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ ఎన్‌ఓసీ నిబంధనను కతార్ 2020లో ఎత్తేసింది. 2021 మార్చి నుంచి నెలకు కనీసం 1000 రియాళ్ళ మూల వేతనం చట్టమైంది. రెండు కాలాలూ ఒకటే అనడం సరికాదు. నేటి కార్మికుడికి చట్టం ఉంది, ఫిర్యాదుకు చోటుంది. కానీ వీసా కోసం ఊళ్ళో మిత్తికి తెచ్చిన లక్షలు తీర్చడానికే మొదటి రెండేళ్ళు పోయినవాడు ఆ గైస్ పరిస్థితిని పుస్తకం చదివినవాడి కంటే బాగా అర్థం చేసుకోగలడు.

పడవల మీద స్వతంత్రులే కాదు, తూర్పు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు, వాళ్ళ సంతతివాళ్ళు కూడా ఉండేవారు. వాళ్ళ భాగం యజమానికి పోయేది. కతార్‌లో బానిసత్వం రద్దయింది 1952లో. దోహా ముషైరిబ్‌లోని బిన్ జల్మూద్ ఇల్లు ఇప్పుడు ఈ చరిత్రను చూపే మ్యూజియం. గల్ఫ్ దేశాల్లో ఈ విషయాన్ని ఇంత బాహాటంగా చెప్పే చోట్లు అరుదు.

ఈ తీరం మీద ఎవరి జెండా ఎగరాలన్న తగాదా కూడా ఈ దశాబ్దాల్లోనే నడిచింది. 1871 నుంచి దోహాలో ఉస్మానియా తుర్కుల చిన్న దండు ఉండేది. ఆచరణలో ఊళ్ళను నడిపించింది షేక్ జాసిమ్ బిన్ మొహమ్మద్ అల్ థానీ. 1893లో వజ్బా దగ్గర ఆయన తుర్కులను ఓడించాడు. వక్రాను ఆయన కొడుకు అబ్దుల్ రహమాన్ చూసుకునేవాడు. 1903 ప్రాంతంలో వక్రాలో తమ అధికారిని కూర్చోబెట్టాలని తుర్కులు ప్రయత్నించారు. బ్రిటిష్‌వాళ్ళు అభ్యంతరం చెప్పారు, అది నిలవలేదు. ఆ దశాబ్దం చివర్లో వక్రాలోని బలమైన తెగ అల్ బూఐనైన్‌కు, అల్ థానీలకు మధ్య వైరం ముదిరింది. ఆ తెగవాళ్ళలో చాలామంది ఊరు విడిచి వెళ్ళి ఇప్పటి సౌదీలోని జుబైల్‌లో స్థిరపడ్డారు. ఈనాడు పెద్ద పారిశ్రామిక నగరమైన జుబైల్ పునాదుల్లో వక్రా నుంచి వలసపోయిన పడవలవాళ్ళున్నారు.

1913లో షేక్ జాసిమ్ చనిపోయాడు. 1915 ఆగస్టులో చివరి తుర్కు సైనికులు దోహా కోట వదిలిపోయారు. 1916 నవంబర్ 3న, జాసిమ్ తర్వాత పాలకుడైన షేక్ అబ్దుల్లా బ్రిటిష్ ప్రతినిధి పెర్సీ కాక్స్‌తో ఒప్పందం చేసుకున్నాడు. దాని ప్రకారం బ్రిటిష్‌వాళ్ళ అనుమతి లేకుండా ముత్యాల వేట హక్కులను పరాయివాళ్ళకు ఇవ్వకూడదు. బ్రిటిష్ ప్రజలు వచ్చి వ్యాపారం చేసుకోవచ్చనే షరతు కూడా అందులో ఉంది. ఆ రోజుల్లో 'బ్రిటిష్ ప్రజలు' అంటే ఇక్కడ ముఖ్యంగా భారతీయ వర్తకులే. వాళ్ళు వస్తే స్థానిక వ్యాపారం దెబ్బతింటుందని స్థానికుల బెంగ. షేక్ అబ్దుల్లా ఒప్పుకోకపోవడంతో ఆ షరతు అమలును వాయిదా వేశారు. భారతీయులు కతార్‌కు రావడం గురించి నూరేళ్ళ కిందటే ఇంత చర్చ నడిచిందని మనలో ఎందరికి తెలుసు?

మనుషులు రాకపోయినా సరుకు మాత్రం మన దేశానికే వచ్చేది. గల్ఫ్ ముత్యాలకు పెద్ద బజారు బొంబాయి. అక్కడ వాటిని జల్లించి, బెజ్జం వేసి, దండలు గుచ్చి హైదరాబాద్‌కూ బరోడాకూ ప్యారిస్‌కూ పంపేవారు. మన పెద్దవాళ్ళు చెప్పే బస్రా ముత్యాలు ఇవే. బస్రాలో పండినవి కావు, కువైట్ నుంచి ఒమన్ దాకా ఈ తీరమంతటా దొరికినవి. నిజాం నగల్లో ఏడు పేటల ముత్యాల హారం సత్‌లడా చాలామంది సాలార్‌జంగ్ మ్యూజియం ప్రదర్శనల్లో చూసే ఉంటారు, అదీ బస్రా ముత్యాలదే. బరోడా మహారాజు ఖండేరావు గైక్వాడ్ 1865 ప్రాంతంలో లక్షల ముత్యాలతో ఒక తివాచీ చేయించాడు. అది ఇప్పుడు దోహాలోని కతార్ జాతీయ మ్యూజియంలో ఉంది. ఈ తీరాన తీసిన ముత్యాలు గుజరాత్ దాకా వెళ్ళి తిరిగి ఈ తీరానికే చేరాయి.

ధర ఎంత పలికేదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1917లో కార్టియే నగల సంస్థ న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలోని ఒక భవనాన్ని రెండు పేటల ముత్యాల దండ ఇచ్చి తీసుకుంది. ఆ దండ విలువ అప్పుడు పది లక్షల డాలర్లు. 1957లో అదే దండ సుమారు లక్షన్నర డాలర్లకు అమ్ముడుపోయింది. మధ్యలో జరిగింది రెండు సంగతులు. జపాన్‌లో మికిమోతో వంటివాళ్ళు చిప్పలో గింజ పెట్టి ముత్యాన్ని పెంచే పద్ధతి సాధించారు, 1920లలో ఆ ముత్యాలు ప్రపంచ బజారును ముంచెత్తాయి. 1929లో ఆర్థిక మాంద్యం వచ్చి ధనికుల కొనుగోళ్ళు ఆగిపోయాయి. అంతకు ముందే, 1925 తుఫాను గల్ఫ్ అంతటా పడవలను ముంచి వందలాది కుటుంబాలను దిక్కులేనివాళ్ళను చేసింది.

బజారు పడిపోయినా పద్దుల్లోని బాకీ మాత్రం పడిపోలేదు. పక్కనే ఉన్న బహ్రెయిన్‌లో 1920లలో సంస్కరణలు తెచ్చి, ప్రతి గైస్ దగ్గరా తన లెక్క తనకు తెలిసేలా ఒక పుస్తకం ఉండాలని నియమం పెట్టారు. నోఖదాలు, వ్యాపారులు గట్టిగా వ్యతిరేకించారు. లెక్క మనిషి చేతికి రావడమే వాళ్ళకు నచ్చని విషయం. వక్రా వంటి ఊళ్ళలో పడవలు ఇసుక మీద ఎండిపోయాయి, జనం బహ్రెయిన్‌కూ సౌదీకీ వలసపోయారు. కతార్ పెద్దవాళ్ళు ఈనాటికీ ఆ రోజులను ఆకలి కాలమని చెప్పుకుంటారు.

చమురు ఒప్పందం 1935 మే 17న జరిగింది. దుఖాన్‌లో తవ్వకం 1938లో మొదలైంది, చమురు పడింది. కానీ రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1942లో బావులు మూసేశారు. తొలి ఎగుమతి 1949 చివరి రోజున ఉమ్ సయీద్ రేవు నుంచి బయల్దేరింది. వక్రాకు దక్షిణాన ఉన్న ఆ రేవునే ఇప్పుడు మెసాయిద్ అంటున్నారు. ముత్యాలు పోయి చమురు డబ్బు చేతికందేలోపు దాదాపు ఇరవై ఏళ్ళు గడిచాయి. 'ఒకప్పుడు ఎడారి, తర్వాత చమురు' అనే మాట మింగేసింది ఈ ఇరవై ఏళ్ళనే.

ఈ చరిత్రలో నన్ను బాధపెట్టే లోటు ఒకటుంది. లోరిమర్ పడవలు లెక్కపెట్టాడు, తెగలు లెక్కపెట్టాడు. షేక్‌ల పేర్లు, అధికారుల పేర్లు అన్నీ దొరుకుతాయి. 12,890 మంది పనివాళ్ళలో అతి కొద్దిమంది పేర్లు మాత్రమే, అవీ ఎక్కువగా బాకీ పద్దుల్లో మిగిలాయి. రాత వచ్చినవాడు వ్యాపారి, కాబట్టి మిగిలింది వ్యాపారి రాత.

అందుకే కతార్‌లో ఉన్న తెలుగువాళ్ళకు నా విన్నపం. సెలవు రోజున మెట్రో రెడ్ లైన్ ఎక్కి చివరి స్టేషన్ అల్ వక్రాలో దిగండి. పాత పద్ధతిలో మళ్ళీ కట్టిన సూక్ అల్ వక్రా సముద్రం ఒడ్డునే ఉంది, చూడండి. తర్వాత గదికొచ్చి ఒక నోటు పుస్తకం తీయండి. ఏ ఏడాది వచ్చారు, వీసాకు ఎంత కట్టారు, ఎంత మిత్తికి తెచ్చారు, ఏ ఏ క్యాంపుల్లో ఉన్నారు, ఏ కట్టడంలో పనిచేశారు, గదిలో తోడున్నవాళ్ళది ఏ ఊరు, ఇవన్నీ తేదీలతో రాసి ఇంటికి పంపండి. ఇంట్లోవాళ్ళు దాన్ని పాస్‌పోర్టులతో పాటు భద్రంగా దాచిపెట్టాలి.