చాందీపుర వైరసు: పరుల యింట పెత్తనము

2003వ సంవత్సరపు తొలకరి నెలలలో, నాటి ఆంధ్రప్రదేశ్‌లోని వరంగల్లు, కరీంనగరము మొదలైన జిల్లాల పిల్లలకు ఒక తీవ్రజ్వరము సోకినది. ఉదయము ఆడుకొనుచుండిన బిడ్డకు జ్వరము, వాంతులు, ఫిట్లు వచ్చి, స్మారకము తప్పి, ఒకటి రెండు దినములలోనే ప్రాణము పోయెడిది. వ్యాధి సోకిన 329 మంది పిల్లలలో 183 మంది మరణించిరి. దీనికి కారణము చాందీపుర వైరసు అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నిర్ణయించినది. 1965లో నాగపూరు సమీపమున చాందీపుర గ్రామమున మొదట కనుగొనబడుటచే దానికా పేరు వచ్చినది.

ఇంతటి ఘోరము చేయు ఈ వైరసునకు గల జన్యువులు అయిదే. మానవ కణములో నవి సుమారు ఇరువది వేలు. అయిదింటితో అది కణము నెట్లు లోబరచుకొనుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానములో ఒక భాగము కలకత్తాలో లభించినది. నేడు సాల్ట్ లేక్‌లో కూడ ఒక ప్రాంగణము కల కలకత్తా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు, బాలీగంజ్‌లోని విజ్ఞాన కళాశాలలో ఈ వైరసు యొక్క 'పి' అను మాంసకృత్తును పరిశోధించి, 1997లో ఫలితములను ప్రకటించిరి.

జన్యువు పనిచేయవలెనన్న ముందుగా దాని ప్రతి తయారు కావలెను. ప్రతులు వ్రాయు పెద్ద మాంసకృత్తును వైరసు తన వెంటనే తెచ్చుకొనును. కాని 'పి' తోడ్పాటు లేనిదే దాని పని సాగదు. ఆ 'పి' కూడ తనంతట తాను శక్తిహీనము. మన కణములోని కేసీన్ కైనేజు 2 అను ఎంజైము 'పి' మీద ఒక నిర్ణీత స్థానమున ఫాస్ఫేటు నతికించును. అంతట 'పి' అణువులు జంటలుగా కూడి, వైరసు జన్యువులను మేల్కొల్పును. అనగా, దొంగకు తాళపుచెవి నందించునది ఇంటిలోని నౌకరే!

అట్లయిన ఆ ఎంజైమునే నిలిపివేయరాదా యని పాఠకులు అడుగవచ్చును. ఆరోగ్యవంతమైన కణముల నిత్యకృత్యములకు కూడ అది అవసరము. దానిని పూర్తిగ నిలిపిన కణమునకే చేటు. ఈ వైరసునకు ప్రత్యేకమైన మందుగాని, టీకాగాని నేటికిని లేదు. 2024లో గుజరాతులో ఇది మరల పిల్లలను బలిగొన్నది. కావున వైరసు కణమును చేరకుండ చూచుటయే మన చేతిలోని ఉపాయము.

వైరసును మోసుకొనివచ్చునది ఇసుక ఈగ. ఇది దోమకంటె చిన్నది. మట్టిగోడల నెర్రెలలో, పశువుల కొట్టములలో, చెమ్మగల చెత్తలో పెరుగును. గోడల పగుళ్లను పూడ్చి మెత్తవలెను. పేడకుప్పలను ఇంటికి దూరముగ నుంచవలెను. సాయంకాలము మొదలు పిల్లలకు ఒడలు కప్పు దుస్తులు తొడిగి, మిక్కిలి సన్నని కన్నులుగల దోమతెరలో పరుండబెట్టవలెను. జ్వరముతోపాటు ఫిట్లుగాని, మగతగాని కనిపించినచో, తెల్లవారువరకు వేచియుండక తక్షణమే బిడ్డను ఆసుపత్రికి చేర్చవలెను. ఈ వ్యాధిలో ప్రతి గంటయు విలువైనదే.