తుది వారాల చదువు

వేసవి ఉదయం చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి చూసినవారికి ఒక దృశ్యం మనసులో నిలిచిపోతుంది. పుస్తకాల సంచులతో, మంచినీళ్ల సీసాలతో, టిఫిన్ డబ్బాలతో యువతీ యువకులు అక్కడికి చేరుకుంటారు. లోపల చోటు దొరకనివారు ఆవరణలోని చెట్ల నీడలో కూర్చుని చదువుకుంటారు. పక్కనే ఉన్న అశోక్‌నగర్ వీధులు ఉద్యోగ పరీక్షల శిక్షణ కేంద్రాలకు, అద్దె గదులకు నెలవు. నారాయణగూడ కళాశాలలకు ప్రసిద్ధి. ఈ మూడు పేటలనూ కలిపే సూత్రం పరీక్ష. ఇంటర్మీడియట్ వార్షిక పరీక్షలు ముగిసిన నాటి నుండి ప్రవేశ పరీక్ష వరకు ఉండే కొద్ది వారాలను ఎలా వినియోగించుకోవాలి అన్నది ఇక్కడి విద్యార్థినే కాదు, రాష్ట్రంలోని ప్రతి ఇంటర్ విద్యార్థినీ వేధించే ప్రశ్న.

మొదట పరీక్ష స్వరూపాన్ని తెలుసుకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో ఎంసెట్‌గా పేరొందిన ఈ పరీక్షను రాష్ట్ర విభజన తరువాత 2015 నుండి తెలంగాణ వేరుగా నిర్వహిస్తోంది. వైద్యవిద్యా ప్రవేశాలు నీట్ పరిధిలోకి వెళ్లాక ఆంధ్రప్రదేశ్‌లో 2021లో, తెలంగాణలో 2024లో దీని పేరు ఈఏపీసెట్‌గా మారింది. తెలంగాణలో 2018 నుండి కంప్యూటర్ మీదనే రాస్తున్నారు. వ్యవధి మూడు గంటలు, ప్రశ్నలు 160. ఇంజనీరింగ్ విభాగంలో గణితానికి 80, భౌతిక, రసాయన శాస్త్రాలకు నలభయ్యేసి ప్రశ్నలు ఉంటాయి. వ్యవసాయ, ఫార్మసీ విభాగంలో గణితం స్థానాన్ని వృక్ష, జంతు శాస్త్రాలు ఆక్రమిస్తాయి. ఇంటర్ మార్కులకు ఇచ్చే వెయిటేజీని తెలంగాణ ప్రభుత్వం 2023లో తొలగించడంతో, ర్యాంకు ఆ మూడు గంటలపైనే ఆధారపడుతోంది. అందువల్లనే ఈ చివరి వారాలకు అంత విలువ.

ఈ సమయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. చదివిన పాఠాన్నే మళ్లీ మళ్లీ చదువుతారు. చదువుతున్నంతసేపూ అంతా తెలిసినట్లే అనిపిస్తుంది. పుస్తకం మూసిన తరువాత గాని అసలు సంగతి బయటపడదు. మరపు ఎంత వేగంగా కమ్ముకుంటుందో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తనపై తానే ప్రయోగాలు చేసుకొని 1885లోనే లోకానికి చాటాడు. దానికి విరుగుడు ఏమిటో అమెరికాకు చెందిన రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిన పరిశోధన తెలుపుతుంది. వారు విద్యార్థులకు ఒక గద్యభాగాన్ని ఇచ్చారు. ఒక బృందం దానిని నాలుగు విడతలూ చదివింది. మరొక బృందం ఒక విడత మాత్రమే చదివి, తక్కిన మూడు విడతల్లో గుర్తున్నంత వరకు చూడకుండా రాసింది. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే చదివినవారు 83 శాతం, రాసినవారు 71 శాతం గుర్తు తెచ్చుకోగలిగారు. వారం గడిచాక ఫలితం తారుమారైంది. చదివినవారికి 40 శాతమే మిగిలింది. రాసినవారికి 61 శాతం నిలిచింది. ప్రవేశ పరీక్ష అయిదు నిమిషాల తరువాత రాదు, వారాల తరువాత వస్తుంది. కాబట్టి రెండవ బృందం మార్గమే విద్యార్థికి అనుసరణీయం.

దీనిని ఆచరణలో పెట్టడం కష్టం కాదు. గురుత్వాకర్షణ పాఠం తీసుకున్నామనుకుందాం. ముందు పుస్తకం మూసి, తెల్లకాగితంపై ఆ పాఠంలోని సూత్రాలను, అవి వర్తించే సందర్భాలను జ్ఞాపకం ఉన్నంత మేరకు రాయాలి. ఆ తరువాత పుస్తకం తెరిచి, రాయలేకపోయిన వాటిని మాత్రమే చదవాలి. రెండు మూడు రోజులు గడిచాక మళ్లీ రాయాలి. ఈ పద్ధతి మొదట నిరుత్సాహం కలిగిస్తుంది. ఎందుకంటే అది మన లోపాన్ని మనకే చూపుతుంది. కాని లోపం ఇంట్లో కనబడడమే మేలు. పరీక్షా కేంద్రంలో కనబడితే దిద్దుకునే వ్యవధి ఉండదు. పూర్తిగా కొత్త పాఠాలను నెత్తికెత్తుకోవడం కంటే సగం వచ్చిన పాఠాలను పూర్తిగా రాబట్టుకోవడం ఈ దశలో ఎక్కువ లాభదాయకం.

నమూనా పరీక్షలను కూడా ఇదే దృష్టితో చూడాలి. ఎన్ని రాశామన్నది ముఖ్యం కాదు. ప్రతి పరీక్ష నుండి ఏమి గ్రహించామన్నదే ముఖ్యం. తప్పుల కోసం ఒక నోటు పుస్తకాన్ని కేటాయించుకోవాలి. విషయం తెలియక చేసిన తప్పు, ప్రశ్నను సరిగా చదవక చేసిన తప్పు, లెక్కలో జారిన తప్పు అని వాటిని మూడు విధాలుగా గుర్తించాలి. మొదటిదానికి మందు చదువు, రెండవదానికి నిదానం, మూడవదానికి అభ్యాసం. 180 నిమిషాలను 160 ప్రశ్నలకు పంచితే ఒక్కొక్క ప్రశ్నకు వచ్చేది అరవై ఏడున్నర సెకన్లు. కనుక సులభమైన ప్రశ్నలను మొదటి విడతలో ముగించి, ఆలోచించవలసిన వాటిని రెండవ విడతకు వదలాలి. ఈఏపీసెట్‌లో తప్పు జవాబుకు మార్కు కోయరు. అందుచేత ఏ ప్రశ్ననూ ఖాళీగా విడిచిపెట్టరాదు. నీట్, జేఈఈ మెయిన్ పరీక్షల్లో తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. అక్కడ ఇదే ధైర్యం నష్టం తెస్తుంది.

చదువుతో పాటు శరీరాన్నీ సిద్ధపరచుకోవాలి. పగలు నేర్చినది రాత్రి నిద్రలో మెదడులో కుదురుకుంటుంది. నిద్ర మాని చదవడమంటే చిల్లికుండలో నీళ్లు పోయడమే. మండుటెండల కాలం కనుక నీరు తగినంత త్రాగాలి. పరీక్ష జరిగే వేళలోనే నమూనా పరీక్ష రాయడం అలవాటు చేసుకోవాలి. 2020 ఫిబ్రవరిలో చిక్కడపల్లి, నారాయణగూడలకు మెట్రో రైలు వచ్చింది. అయినా పరీక్షా కేంద్రం నగర శివారులో పడితే ప్రయాణానికి ఎంతసేపు పట్టేదీ ముందురోజే వెళ్లి చూసుకోవడం వివేకం.

ఇక అన్నింటికంటె ముఖ్యమైన మాట ఒకటి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలలో తప్పులు దొర్లాయి. ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వచ్చినట్లు చూపారు. తిరిగి పరిశీలిస్తే అది 99 అని తేలింది. ఆ సున్నాను చూసిన క్షణంలోనూ ఆమె తెలివి 99 మార్కుల తెలివే. అంకె తప్పింది గాని ఆమె తప్పలేదు. ఆ వేసవిలో ఫలితాలు చూసి కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కులు దిద్దవచ్చు, ప్రాణాన్ని తిరిగి తేలేము. తల్లిదండ్రులు "ఎంత ర్యాంకు వస్తుంది?" అని అడగడానికి బదులు "అన్నం తిన్నావా, నిద్రపోయావా?" అని అడిగితే ఈ వారాల్లో ఆ మాటే పిల్లలకు కొండంత అండ. మనసు కుంగిన విద్యార్థి ఇంట్లోవారితోనో, అధ్యాపకులతోనో చెప్పుకోవాలి. అదీ వీలుకాకపోతే 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. టెలీ మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ ఉచితం. రేయింబవళ్లు తెలుగులో కూడా లభిస్తుంది.

అశోక్‌నగర్ గదుల్లో చదివే పెద్దవారి అనుభవం ఇక్కడ గుర్తు తెచ్చుకోదగినది. 2022 అక్టోబరులో తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ రాసినవారు, అది రద్దు కాగా 2023 జూన్‌లో మళ్లీ రాశారు. అదీ న్యాయస్థానంలో నిలవలేదు. 2024 జూన్‌లో మూడవసారి రాశారు. పరీక్ష రెండుసార్లు రద్దయింది గాని వారు సంపాదించిన జ్ఞానం ఒక్కసారీ రద్దు కాలేదు. ప్రవేశ పరీక్ష ఒక ద్వారం మాత్రమే. అది తెరుచుకోకపోతే డిగ్రీ ఉంది, మరుసటి ఏడు ఉంది, మరెన్నో దారులు ఉన్నాయి. తుది వారాల్లో విద్యార్థి చేతిలో ఉన్నది ర్యాంకు కాదు. ఈనాటి చదువు, ఈ రాత్రి నిద్ర, రేపు దిద్దుకోవలసిన తప్పు. ఈ మూడింటినీ చక్కదిద్దుకున్నవాడు ఫలితం ఎలా ఉన్నా తలెత్తుకొని గ్రంథాలయం మెట్లు దిగగలడు.