భూ భారతిలో మీ భూమి సరిగ్గా ఉందా? పాత కాగితంతో పోల్చి చూసుకోండి

బోయినపల్లి మండల రైతుల కోసం.

ధరణి స్థానంలో భూ భారతి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న నాలుగు మండలాల్లో ప్రయోగాత్మకంగా మొదలై, జూన్ 2 నుంచి రాష్ట్రమంతటా అమల్లోకి వచ్చింది. "మా భూమి మళ్లీ రాయించుకోవాల్నా?" అని చాలామంది అడుగుతున్నారు. అక్కర్లేదు. ధరణిలో ఉన్న వివరాలనే కొత్త పోర్టల్‌లోకి తెచ్చారు.

కానీ పాత డబ్బాలోని బియ్యం కొత్త డబ్బాలో పోస్తే రాళ్లు కూడా వెంటే వస్తాయి. పాత తప్పు ఉంటే అదీ వచ్చి ఉంటుంది. చూసుకోవాల్సింది మనమే.

ఎందుకు చూసుకోవాలి?
రైతు భరోసా సీజన్‌కు ఎకరాకు రూ.6,000. అంటే గుంటకు రూ.150. రికార్డులో పది గుంటలు తగ్గితే సీజన్‌కు రూ.1,500 పోయినట్టే. పేరు తప్పుంటే రూ.5 లక్షల రైతు బీమా సమయంలో ఇంటివాళ్లు తిరగాల్సి వస్తుంది.

ఏం చేయాలి?

1. పాసుబుక్, పాత పహాణీ, 1బీ, రిజిస్ట్రేషన్ దస్తావేజు అన్నీ ఒక్కచోట పెట్టండి. ఫొటోలు తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా ఉంచండి.

2. భూ భారతి పోర్టల్‌లో పాసుబుక్ నంబరుతో గానీ సర్వే నంబరుతో గానీ వివరాలు చూడండి. ఫోన్‌లో రాకపోతే మీసేవకు వెళ్లండి.

3. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఖాతా నంబరు, బై నంబరుతో సహా సర్వే నంబరు, విస్తీర్ణం ఒక్కొక్కటీ పోల్చండి. 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు.

4. పాత పహాణీలో కరీంనగర్ జిల్లా అని ఉంటే కంగారు వద్దు. మన జిల్లా 2016 అక్టోబర్ 11న ఏర్పడింది.

5. మిడ్ మానేరులో కొంత భూమి పోయి కొంత మిగిలిన కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి రైతులు అవార్డు కాపీ పక్కన పెట్టుకొని, మిగిలిన గుంటలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి.

తప్పు కనిపిస్తే?
ఆధారాల జిరాక్సులతో దరఖాస్తు చేసి, రశీదు తీసుకోండి. అసలు కాగితాలు ఎవరికీ ఇచ్చి రావద్దు. వచ్చిన ఉత్తర్వు నచ్చకపోతే కొత్త చట్టంలో అప్పీలు చేసుకోవచ్చు. దానికి గడువు ఉంటుంది కాబట్టి ఉత్తర్వు కాపీ, తేదీ భద్రంగా ఉంచండి.

ఫోన్‌కు వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. అన్నీ సరిపోయినా సరే, పాత కాగితం పారేయొద్దు. రేపు ఏదైనా తేడా వస్తే మీ చేతిలో ఉండే సాక్ష్యం అదే.