వేయిపడగలు... అరవై పేజీలు

'వేయిపడగలు చదివారా?'

నలుగురిలో ఉన్నప్పుడు ఈ ప్రశ్న ఎదురైతే మనలో చాలామంది చేసే పని ఒకటే. అవుననీ కాదనీ తెలియకుండా తలూపేసి టీ కప్పు అందుకోవడం. నేనూ అంతే. నిజం చెప్పాలంటే ఆ నవల మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ అరవయ్యో పేజీ దగ్గరే ఆగిపోయాను. విశ్వనాథ సత్యనారాయణ 1934లో దాన్ని 29 రోజుల్లో చెప్పి రాయించారంటారు. చదవడానికి నాకు పదేళ్లు చాలలేదు!

గొప్ప పుస్తకాలతో వచ్చిన చిక్కే అది. నచ్చలేదని పైకి అనలేం. అంటే మనకే తెలివి లేదనుకుంటారేమోనని భయం. అందుకే బీరువాలో ఉంచి దుమ్ము దులుపుతుంటాం. మా అమ్మకు మాత్రం ఆ భయం లేదు. 'మొదటినుంచే చదవాలని ఎవరన్నారు? పసిరిక ఎక్కడొస్తాడో చూసుకుని అక్కణ్నుంచి చదువు' అంది. పచ్చని పొలాల్లో తిరిగే ఆ వింత పిల్లాడి వెంట పడితే సుబ్బన్నపేట దానంతటదే వచ్చింది. నాలుగోసారి పుస్తకం పూర్తయింది. పాత వ్యవస్థ గురించి ధర్మారావు వాదాలు ఇప్పటికీ నాకు మింగుడు పడవు. వాటి మీద అమ్మకీ నాకూ వంటింట్లో రెండుసార్లు గొడవ కూడా అయింది. కానీ ఒక్కో పడగా పోతూ ఓ ఊరు కళ్లముందే ఆరిపోవడం... అది మాత్రం మర్చిపోలేను.

పది మార్కుల గిరీశం

'కన్యాశుల్కం' సంగతి వేరు. అది అందరికీ తెలుసు. తెలుసనుకోవడమే అసలు గొడవ. 'గిరీశం పాత్ర స్వభావమును వివరింపుము' అని పరీక్షలో పది మార్కులకు రాసి వచ్చాం. 1955 నాటి సినిమాలో గిరీశంగా ఎన్టీఆర్‌నీ మధురవాణిగా సావిత్రినీ చూసి మురిసిపోయాం. చుట్ట, కోతలు, వెంకటేశానికి చెప్పే చదువు... నవ్వుకున్నాం. నేనూ ఇంటర్లో చదివినప్పుడు అంతే నవ్వాను.

ఈమధ్య మళ్లీ చదివితే నవ్వు సగంలోనే ఆగిపోయింది. కారణం నాటకం కాదు, 1897లో వచ్చిన తొలి ముద్రణకు గురజాడ ఇంగ్లిషులో రాసుకున్న ముందుమాట. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో కన్యాశుల్కపు పెళ్లిళ్ల లెక్క తీయించారట. మూడేళ్లలో లెక్కకొచ్చినవే 1034. పెళ్లికూతుళ్లలో 99 మందికి అయిదేళ్లు. ముగ్గురికి ఏడాది! ఆ పసిగుడ్ల వెల 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకూ ఒక్కోసారి బేరం కుదిరేదని కూడా రాశారాయన.

ఆ అంకెలు చూశాక సుబ్బి గుర్తొచ్చింది. మొత్తం నాటకం ఆ పిల్ల పెళ్లి చుట్టూనే తిరుగుతుంది కదా, మరి సుబ్బి ఏమంటుందో మనలో ఎవరికైనా గుర్తుందా? కూతురి బేరం సంగతి విని నూతిలో దూకిన వెంకమ్మ మీద పది మార్కుల ప్రశ్న ఎప్పుడైనా వచ్చిందా? ఒక కూతురు బుచ్చమ్మ అప్పటికే వితంతువై ఇంట్లో ఉండగా రెండోదాన్నీ ముసలాడికి అమ్మబోతున్నారు. ఆ తల్లి నూతిలో కాక ఇంకెక్కడ దూకుతుంది? నా మట్టుకు నాకు ఇప్పుడు గిరీశం ఈ నాటకంలో హీరో కాదు, విలనూ కాదు. మనం అటు చూడకుండా మాటల్లో పెట్టే మనిషి. అంత సరదాగా మాట్లాడేవాడు పక్కనుంటే వంటింట్లో ఏడుపు ఎవరికి వినిపిస్తుంది! పండితులు ఒప్పుకుంటారో లేదో నాకు తెలీదు. పరీక్షలో రాస్తే సున్నా వచ్చేదేమో.

'బారిస్టర్ పార్వతీశం' విషయంలో మాత్రం ఎవరి సలహాలూ అక్కర్లేదు. మొగల్తూరు నుంచి బయల్దేరిన ఆ అమాయకుడు మద్రాసులో ఆడవాళ్ల టోపీ కొనుక్కుని దర్జాగా పెట్టుకుంటే ఎనిమిదేళ్ల పిల్లాడూ నవ్వుతాడు, ఎనభయ్యేళ్ల తాతగారూ నవ్వుతారు. మూడు భాగాల్లో మొదటిదే నాకిష్టం. తర్వాతి వాటిలో పార్వతీశం పెద్దమనిషైపోయాడు, నాకు కొంచెం దిగులేసింది.

ఇక బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'. నా స్నేహితుల్లో సగం మందికి ప్రాణం. నాకేమో దయానిధితో ఎంతకీ పొసగదు. తల్లి మీద లోకం వేసిన నింద అతన్ని ఎంత కుంగదీసిందో అర్థమవుతుంది. అయినా కోమలి, అమృతం, ఇందిర... ఇంతమంది ఎదురుగా ఉండగా ఎవరితోనూ మనసు విప్పడేంటని విసుగు. ఈ మాట అంటే అమ్మ నవ్వింది. 'నీకింకా ఆ వయసు రాలేదులే' అంది. ముప్పై అయిదు దాటినా రాలేదంటే ఇంకెప్పుడొస్తుందో! పుస్తకం మంచం పక్కనే ఉంది. 140వ పేజీ దగ్గర కరెంటు బిల్లు పెట్టి ఉంచాను.