ఆ ఫిరోజా హారం ఎవరి మెడలోది?

అమెరికాలో ఉన్న అమ్మాయో, ఆడపడుచో సెలవులకి వచ్చిందంటే చాక్లెట్లు, సెంటు సీసాలు ఎలాగూ తెస్తుంది. అరిజోనా, న్యూ మెక్సికో వైపు ఉండేవాళ్ళయితే వాటితోపాటు ఓ చిన్న పెట్టె కూడా ఉండొచ్చు. తెరిస్తే లోపల బరువైన వెండి కడియం... మధ్యలో ఆకాశం ముక్కలాంటి నీలిరాయి. "అంత దూరం నించి వెండి తెచ్చావా?" అని ఇంట్లో పెద్దవాళ్ళు పెదవి విరుస్తారు. నిజమే, మన లెక్కంతా తులాల్లోనే కదా! ఎంత బరువు, ఎంత తరుగు, మజూరీ ఎంత... మారకానికి వేస్తే ఎంతొస్తుంది? ఈ నగల దగ్గర మాత్రం ఆ లెక్క పనిచేయదు. ఎవరి చేతిలో తయారైంది, ఎవరి మెడలోంచి వచ్చింది అన్నదే ఇక్కడ అసలు విలువ.

రాయి మనకి కొత్తదేం కాదు. ఫిరోజా. పారసీకంలో ఆ మాటకి విజయం అని అర్థం. ఇరాన్‌లోని నిషాపూర్ గనుల రాయి పూర్వం నించీ పేరుమోసింది. టర్కీ మీదుగా యూరప్ చేరింది కాబట్టి ఫ్రెంచివాళ్ళు టర్కీ రాయి అన్నారు, అదే టర్కాయిస్ అయింది. రాగి, అల్యూమినియం కలిసిన ఫాస్ఫేటు ఖనిజమిది. రాగి వల్ల నీలం రంగు, ఇనుము చేరితే పచ్చదనం. ఇక స్టెర్లింగ్ వెండి అంటే వందకి 92.5 పాళ్ళు వెండి, మిగతా 7.5 పాళ్ళు మామూలుగా రాగి. పూర్తి మేలిమి వెండి మరీ మెత్తన, కడియం చేస్తే వంగిపోతుంది. అందుకే ఈ కల్తీ!

ఈ రెంటినీ జతచేసి ప్రపంచమంతా గుర్తుపట్టేలా చేసినవాళ్ళు అమెరికా నైరుతి మూలన ఎడారి నేలల్లో ఉండే ఆదివాసులు... నవహో, జూనీ, హోపీ, శాంటో డొమింగో ప్యూబ్లో జనం. రాయితో వాళ్ళ అనుబంధం చాలా పాతది. చాకో లోయలో వెయ్యేళ్ళ కిందటి కట్టడాల్లో టర్కాయిస్ పూసలు కుప్పలుగా దొరికాయి. నవహోలకి నాలుగు దిక్కులకీ నాలుగు పవిత్రమైన రాళ్ళు, గవ్వలు ఉన్నాయి. అందులో దక్షిణ దిక్కుది టర్కాయిస్. వెండి పని మాత్రం నిన్నమొన్నటిదే అనాలి. 19వ శతాబ్దం మధ్యలో అట్సిడి సాని అనే నవహో లోహపు పని నేర్చుకున్నాడు. 1864లో అమెరికా సైన్యం నవహోలని ఇళ్ళలోంచి వెళ్ళగొట్టి, వందల మైళ్ళు నడిపించి, బోస్కే రెడోండో అనే చోట నిర్బంధించింది. 1868లో ఒప్పందం కుదిరి సొంత నేలకి తిరిగొచ్చాక ఈ పని ఊపందుకుంది. అమెరికా డాలర్లు, మెక్సికో పెసోలు కరిగించి, సుత్తితో కొట్టి గుండీలు, కడియాలు, వడ్డాణాలు చేశారు. మన లంబాడీ తల్లుల రూపాయి బిళ్ళల హారాలు గుర్తుకి రావడంలేదూ? 1870లలో నవహోల దగ్గర జూనీలు, వాళ్ళ దగ్గర 1890లలో హోపీలు నేర్చుకున్నారు. వెండిలో టర్కాయిస్ పొదగడం 1880 ప్రాంతాల్లో మొదలైంది.

కొంచెం అలవాటైతే ఎవరి పని ఏదో మనమే చెప్పేయొచ్చు. నవహోల పనిలో వెండిదే పెత్తనం. పెద్దరాయి, చుట్టూ అచ్చులతో గుద్దిన నగిషీ. జూనీల దగ్గర రాయే రాణి. సూదిమొనల్లాంటి సన్నటి రాళ్ళు పదులకొద్దీ వరసగా కూర్చుతారు. చూస్తుంటే మన కళ్ళే నొప్పెడతాయి! హోపీల నగల్లో చాలావాటికి రాయే ఉండదు. రెండు వెండి రేకులు తీసుకుని, పైరేకులో బొమ్మ కత్తిరించి, నల్లబరచిన కిందిరేకు మీద అతికిస్తారు. రెండో ప్రపంచయుద్ధం నించి తిరిగొచ్చిన హోపీ సైనికులకి 1947 నించీ ఈ పని నేర్పారు. శాంటో డొమింగో వాళ్ళది పూసల పని. గవ్వల్నీ, రాళ్ళనీ అరగదీసి సన్నటి బిళ్ళలు చేసి గుచ్చుతారు. 1930లలో ఆర్థికమాంద్యం వచ్చినప్పుడు వీళ్ళు పాత గ్రామఫోను రికార్డుల్నీ, పాడైన కారు బ్యాటరీ పెట్టెల్నీ కోసి, వాటి మీద టర్కాయిస్ ముక్కలంటించి పక్షి బొమ్మల హారాలు చేశారు. రోజు గడవడానికి యాత్రికులకి చవగ్గా అమ్ముకున్నవి. ఇప్పుడు వాటి కోసమే సేకరించేవాళ్ళు వెతుక్కుంటున్నారు.

నవహో నగల్లో పెద్దమ్మలాంటిది స్క్వాష్ బ్లాసమ్ హారం. గుమ్మడిపువ్వు హారం అనుకోండి. నిజానికి ఆ వెండిమొగ్గలు దానిమ్మ మొగ్గల్లా ఉంటాయి. స్పానిష్‌వాళ్ళ దుస్తుల మీది దానిమ్మ బొమ్మలే దీనికి మూలమని చాలామంది అంటారు. కింద వేలాడే చంద్రవంకని నాజా అంటారు. అదీ స్పానిష్‌వాళ్ళ గుర్రం కళ్ళెం మీది బిళ్ళ నించి వచ్చిందే. ఎక్కడి గుర్రం కళ్ళెం, ఎక్కడి ఆడవాళ్ళ కంఠహారం!

తాకట్టు కొట్లోంచి...

సేకరించేవాళ్ళ నోట తరచూ వినపడే మాట 'ఓల్డ్ పాన్'. పాత తాకట్టు నగ అని. ఈ మాట అనగానే అక్కడి దుకాణాల్లో ధర పెరుగుతుంది. దాని వెనకాల సంగతి మాత్రం మన ఇళ్ళలో ఆడవాళ్ళకి విడమరచి చెప్పనక్కర్లేదు.

నవహోలకి నగే బ్యాంకు. గొర్రెల ఉన్ని కత్తిరించేదాకానో, గొర్రెపిల్లలు అమ్ముడయ్యేదాకానో పిండి, కాఫీ, గుడ్డ కావాలంటే ట్రేడింగ్ పోస్టు అనే కొట్టుకెళ్ళి హారం కుదువబెట్టేవాళ్ళు. షావుకారు చీటీ కట్టి గోడకి తగిలించేవాడు. పండక్కో, పూజకో కావలసివస్తే ఒక్కరోజుకి ఇచ్చే మంచి షావుకార్లూ ఉండేవారు. మళ్ళీ తెచ్చి అప్పజెప్పాలి. గడువులోగా విడిపించుకోలేకపోతే ఆ నగ 'డెడ్ పాన్' అయిపోయేది. మునిగిపోయిన తాకట్టన్నమాట. అప్పుడు దాన్ని బయటివాళ్ళకి అమ్మేసేవాడు. అరిజోనాలో గనాడో దగ్గర హబ్బెల్ ట్రేడింగ్ పోస్టు అలాంటిదే. ఇప్పుడది ప్రభుత్వం కాపాడుతున్న చారిత్రక స్థలం, ఎవరైనా వెళ్ళి చూడొచ్చు.

అందరు షావుకార్లూ ధర్మంగా లేరు. వడ్డీలు ఎక్కువ, గడువు తీరకుండానే అమ్మేస్తున్నారు అని గొడవలు రేగాయి. 1973లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది దీని మీద ఓ నివేదికే ఇచ్చారు. నిబంధనలు బిగిశాక తాకట్టు వ్యాపారం నవహో రిజర్వేషన్ దాటి, గాలప్ లాంటి సరిహద్దు ఊళ్ళకి మారింది. కాబట్టి పాత తాకట్టు నగ అని మురుస్తూ కొనేటప్పుడు ఒక్కసారి ఆలోచించాలి. అది ఒకావిడ విడిపించుకోలేకపోయిన హారం. కొనకూడదని నేననడంలేదు. మన ఇళ్ళలో కుదువకు వెళ్ళి తిరిగిరాని నాన్‌తాడుని ఎవరైనా 'ఎంత ముచ్చటగా ఉందో' అని కొనుక్కుంటే మనకెలా ఉంటుందో, ఆ మాత్రం గౌరవం ఆ నగకీ ఇవ్వాలంటున్నాను. పైగా 'ఓల్డ్ పాన్' అనే మాట వాడినవన్నీ తాకట్టులోంచి వచ్చినవి కావు. నిన్న తయారైనదాన్ని నల్లబరచి ఆ పేరుతో అమ్మేవాళ్ళున్నారు. నిజమైన తాకట్టు నగయితే చీటీ ఉందా అని అడగండి.

పాతవన్నీ సొంతానికి చేసుకున్నవీ కావు. రైలు మార్గాల వెంట హోటళ్ళు నడిపిన ఫ్రెడ్ హార్వే కంపెనీ 1899 నించీ యాత్రికుల కోసం తేలికపాటి నగలు చేయించింది. నవహోలు తాము వేసుకునేవి తెల్లదొరసానులు మోయలేరు మరి! బాణాలు, పక్షులు గుద్దిన ఆ సన్నటి గాజులు ఇవాళ మొదటిసారి కొనేవాళ్ళకి బావుంటాయి.

లోపలి వైపు రాళ్ళు

కొత్తతరం పని చూడాలంటే చార్లెస్ లోలోమాతో మొదలుపెట్టాలి. 1991లో చనిపోయిన ఈ హోపీ కళాకారుడు కడియం మీద టర్కాయిస్, పగడం, దంతం ముక్కల్ని మేడల్లా నిలబెట్టాడు. నాకు నచ్చేది అది కాదు. కొన్ని కడియాలకి, ఉంగరాలకి ఆయన లోపలి వైపు రాళ్ళు పొదిగాడు. వేసుకున్న మనిషికి తప్ప ఎవరికీ కనిపించవు! ఆయన దగ్గర ఇరవై ఏళ్ళకి పైగా పనిచేసిన మేనకోడలు వెర్మా నెక్వాటెవా తర్వాత సొంతంగా నిలదొక్కుకుని 'సోన్‌వాయ్' అనే పేరుతో నగలు చేసింది. అందం అనే మాటకి హోపీ భాషలో ఆడవాళ్ళ రూపమట అది. ఒకప్పుడు మగవాళ్ళదే అనుకున్న పనిలో ఇప్పుడు ఆడవాళ్ళ పేర్లు చాలానే వినపడుతున్నాయి.

సేకరించినవాళ్ళలోనూ ఆడవాళ్ళదే పైచేయి. చమురు కుబేరుల ఇంటి ఆడపడుచు మిలిసెంట్ రోజర్స్ 1947లో టావోస్ అనే ఊరికి మకాం మార్చి, 1953లో పోయేదాకా కొంటూనే ఉంది. ఆ నగలే ఇప్పుడు అక్కడ ఆవిడ పేరనే ఉన్న మ్యూజియంలో ఉన్నాయి. ఫీనిక్స్ చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు అక్కడి హర్డ్ మ్యూజియం చూడకుండా రాకండి. కొనబోయేముందు మంచి నగలు కంటినిండా చూడ్డమే అసలు చదువు.

మోసాలకి తక్కువేం లేదు

1970లలో ఈ నగల పిచ్చి ఒకసారి అమెరికా అంతా ఊపేసింది. ఆ ఊపులోనే నకిలీలూ వరదలా వచ్చాయి. ఆదివాసులు చేయనిదాన్ని వాళ్ళు చేసినట్టు చెప్పి అమ్మడం నేరమని 1990లో చట్టం గట్టిపడింది. ఫిలిప్పీన్స్‌లో చేయించి తెచ్చి ఆదివాసుల నగలని అమ్మినందుకు అల్బుకర్కీ వ్యాపారి ఒకాయనకి 2018లో ఆరునెలల జైలు పడింది. అట్టముక్క మీద 'ఇండియన్ స్టైల్' అని ఉంటే అనుమానించాల్సిందే. తీరు వాళ్ళది, చెయ్యి ఇంకెవరిదో! మన జైపూర్‌లో కూడా వెండిలో టర్కాయిస్ పొదిగి దేశదేశాలకి పంపుతారు. అది జైపూర్ పనే అని చెప్పి అమ్మితే అందులో తప్పేముంది? నవహో పని అంటేనే చిక్కు. ఒక నవహో ఇల్లాలు పదిరోజులు కూర్చుని చేసిన కడియం పక్కన మిషను కడియం సగం ధరకి పెడితే నష్టపోయేది ఆవిడే.

రాయి సంగతికొస్తే... గనిలోంచి తీసి కోసి సానబెట్టిన సహజమైన రాయి కొద్దిగానే దొరుకుతుంది. మెత్తటి రాయిని రెసిన్‌తో గట్టిపరుస్తారు, దాన్ని స్టెబిలైజ్డ్ అంటారు. చెప్పి అమ్మితే అదీ మంచిదే, రోజూ పెట్టుకోడానికి ఒకరకంగా నయం. పొడిని జిగురుతో ముద్దచేసి కోసినవీ ఉంటాయి. అన్నిటికన్నా కింద రంగేసిన హౌలైట్, మ్యాగ్నసైట్. ఇవి టర్కాయిసే కాదు. దూదికి కాస్త అసిటోన్, అదే గోళ్ళరంగు తుడిచేది, తడిపి వెనకాల కనపడనిచోట ఒత్తి చూస్తే చాలాసార్లు నీలం రంగు ఊడివస్తుంది. దుకాణంలో వాళ్ళనడిగే చెయ్యండి, సహజమైన రాయికీ అది మంచిది కాదు. గని పేరూ అడగాలి. అరిజోనాలోని స్లీపింగ్ బ్యూటీ గని మచ్చలేని లేతనీలానికి ప్రసిద్ధి. 2012లో అక్కడ టర్కాయిస్ తీయడం ఆపేశారు, ధరలు ఎక్కిపోయాయి. బిస్బీ అయితే చిక్కటి నీలం మీద చాక్లెట్ రంగు చారలు. సాలెగూడులా నల్లగీతలుంటే కొందరికి ప్రాణం.

వెండి మీద ముద్రలు చూడండి కానీ వాటినే నమ్ముకోకండి. 'స్టెర్లింగ్' అని లేనంతమాత్రాన నకిలీ అనలేం. పాతవి నాణేల వెండితో చేసినవి, అది 90 పాళ్ళే. చేసినవాళ్ళ గుర్తులు వేయడం కూడా 1970ల నించే బాగా వాడుకలోకి వచ్చింది. తిరగేసి చెప్పాలంటే, వందేళ్ళనాటిదని చెబుతూ తళతళలాడే '925' ముద్ర చూపిస్తే అప్పుడు అనుమానించాలి. జర్మన్ సిల్వర్ మనకి తెలిసిందే, పేరులో తప్ప అందులో వెండి ఉండదు. ఆ నగలూ అక్కడున్నాయి. ఏది కొన్నా రసీదు మీద చేసినవాళ్ళ పేరు, వాళ్ళ తెగ, రాయి సహజమా గట్టిపరచిందా, వెండి ఎంత... ఇవన్నీ రాయించుకోండి. ఏటా ఆగస్టులో జరిగే శాంటా ఫే ఇండియన్ మార్కెట్ 1922 నించీ ఉంది. చేసినవాళ్ళే ఎదురుగా కూర్చుని అమ్ముతారు, అడిగితే కబుర్లూ చెబుతారు.

ఇంటికి తెచ్చాక వెండి సామాను తోమినట్టు తోమేయకండి! చింతపండు, విభూతి, టూత్‌పేస్ట్, వెండి మెరిపించే ద్రావకం... ఏదీ పనికిరాదు. ఈ రాయికి సన్నటి రంధ్రాలుంటాయి. నూనె, సెంటు, సబ్బునీళ్ళు పీల్చుకుని పచ్చబారిపోతుంది. తలకి కొబ్బరినూనె రాసుకునే రోజు చెవులకి ఇవి వద్దు. నగిషీ గాడుల్లోని నలుపు మురికి కాదు, పనివాళ్ళు కావాలని పెట్టింది. దాన్ని పోగొడితే నగ అందం సగం పోయినట్టే. మెత్తటి పొడిబట్టతో తుడిచి, మిగతా నగలకి తగలకుండా విడిగా చుట్టిపెట్టండి. కడియం వదులైందనో, పగిలిందనో మన ఊళ్ళో వెండిపనివాళ్ళకి ఇస్తే రాయి తీయకుండా మంట తగలనివ్వొద్దని ముందే చెప్పండి. వేడికి ఈ రాయి రంగు మారుతుంది, పగిలిపోతుంది కూడా.