అమ్మమ్మ పాట.. అడ్డుపడ్డ లైబ్రరీ

టొరంటోకు తూర్పున, ఒంటారియో సరస్సు ఒడ్డున ఉన్న మా ఏజాక్స్‌లో తంగేడు, గునుగు పూలు దొరకవు. స్టోర్లో కొన్న బంతి, చామంతులతోనే బతుకమ్మను పేరుస్తాం. ఈసారి పండక్కి హన్మకొండ నుంచి అమ్మ వచ్చింది. సూట్‌కేసులో చీరల మధ్య ఓ క్యాసెట్ చుట్టి తెచ్చింది. 1991లో మా మేనమామ రికార్డు చేసిన అమ్మమ్మ బతుకమ్మ పాటలవి. అమ్మమ్మ పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆమె గొంతు మాకు మిగిలింది ఆ అరగంటే.

తీరా పెడితే పాట కంటే మోతే ఎక్కువ. అమ్మకు ఈమధ్య వినికిడి తగ్గింది. స్పీకర్ దగ్గర చెవి పెట్టి, ‘‘మాటలు తెలుస్తలేవు బిడ్డా’’ అంది. ఎంగిలిపూల బతుకమ్మకు ఇంకా పది రోజులుంది. ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నవాణ్ని, ఇదెంత పని అనుకున్నాను.

పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు లైనక్స్ ఉంది. క్యాసెట్‌ను ఆడాసిటీలో రికార్డు చేసి చూస్తే మోత రెండు రకాలు. ఒకటి 50 హెర్ట్జ్ దగ్గర, ఇంకొకటి 60 హెర్ట్జ్ దగ్గర. ఇండియాలో కరెంటు 50 హెర్ట్జ్, కెనడాలో 60. అంటే ఒకటి ఆనాటి మా ఇంటిది, రెండోది ఈనాటి నా అడాప్టర్‌ది! ప్లేయర్‌కు బ్యాటరీలు వేసి మళ్లీ రికార్డు చేస్తే ఇక్కడి మోత పోయింది. అక్కడిది మిగిలింది, దానికి తోడు ఫ్యాన్ హోరు.

దాన్ని తగ్గించే ఓ చిన్న ప్లగిన్ దొరికింది. రెడీమేడ్ ప్యాకేజీ లేదు, సోర్స్ కోడ్ నుంచి కంపైల్ చేసుకోవాలి. మొదలుపెట్టగానే ‘ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ3ఎఫ్ దొరకలేదు’ అని ఆగిపోయింది. శబ్దాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లైబ్రరీ అది. అమెరికాలోని ఎంఐటీలో మాటియో ఫ్రిగో, స్టీవెన్ జాన్సన్ తయారుచేశారు. విచిత్రమేమిటంటే, అది నా ల్యాప్‌టాప్‌లో ఉంది! ఉన్నదాన్ని లేదంటుందేమిటని కోపమొచ్చింది. ఆ లైబ్రరీ సోర్స్ కూడా దించి, నేనే కంపైల్ చేశాను. మళ్లీ అదే మాట.. ‘దొరకలేదు.’

రాత్రి ఒంటిగంటకు మా ఆవిడ వచ్చి, ‘‘ఏం దొరకలేదో సరిగ్గా చదివారా?’’ అంది. అప్పుడు చూశాను, చివర్న ‘ఎఫ్’ అక్షరం ఉంది. ఆ లైబ్రరీని మామూలుగా కంపైల్ చేస్తే డబుల్ ప్రెసిషన్ రకమే వస్తుంది. ప్లగిన్ అడుగుతున్నది సింగిల్ ప్రెసిషన్ రకం. దానికి ‘ఎనేబుల్ ఫ్లోట్’ అని విడిగా చెప్పాలి. చెప్పాను. ఈసారి లైబ్రరీ దొరికింది గానీ, చివరి మెట్టు మీద లింకింగ్‌లో తన్నింది. నేను తయారుచేసింది స్టాటిక్ లైబ్రరీ, ప్లగిన్‌లో కలపడానికి అది పనికిరాదు.

మర్నాడు చల్లబడ్డ బుర్రతో ఆలోచిస్తే అసలు సంగతి తెలిసింది. ఉబుంటులో ఒక ప్రోగ్రాం నడవడానికి కావలసిన లైబ్రరీ ఒక ప్యాకేజీ. దాన్ని వాడుకుని కొత్తది కంపైల్ చేయడానికి కావలసిన హెడర్ ఫైళ్లు, అవి ఎక్కడున్నాయో చెప్పే చిన్న చిరునామా ఫైలు మరో ప్యాకేజీ. దాని పేరు చివర ‘డెవ్’ అని ఉంటుంది. నా దగ్గర మొదటిదే ఉంది. అయితే ఇప్పుడు రెండోది తెచ్చినా చాలదు. నేను చేత్తో పెట్టినవి ‘యూఎస్ఆర్ లోకల్’లో కూర్చున్నాయి. వెతుకులాట ముందు అక్కడికే వెళ్తుంది. కాబట్టి వాటన్నిటినీ తీసేసి, ‘లిబ్ ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ3 డెవ్’ ప్యాకేజీ వేశాను. రెండు నిమిషాల్లో కంపైల్ అయిపోయింది. నాలుగు రాత్రుల నా కష్టం విలువ ఒక్క లైను కమాండ్!

పాట మొదలయ్యే ముందు ఖాళీగా ఉన్న మూడు సెకన్ల మోతను ప్లగిన్‌కు గుర్తుపట్టించి, మిగతా టేపంతా అందులోంచి పంపాను. హెడ్‌ఫోన్స్ అమ్మ చెవులకు పెట్టాను. కాసేపు పెదవులు కదుపుతూ వింది. రెండో పాట అయ్యాక ఒక్కసారిగా నవ్వింది, వెంటనే కళ్లు తుడుచుకుంది. వెనక్కి జరిపి నేనూ విన్నాను. ఇన్నేళ్లూ మోత కింద ఉండిపోయిన మాట అది. పాట ఆపి అమ్మమ్మ అంటోంది.. ‘‘పాలు పొంగుతున్నయ్, చూడు పిల్లా.’’

‘‘నన్నే పిలిచింది’’ అంది అమ్మ.

మీ ఇంట్లోనూ ఇలాంటి క్యాసెట్ ఉండే ఉంటుంది. టేపు ఏటేటా పాడవుతూనే ఉంటుంది, ఈ వారాంతమే బయటికి తీయండి. మొదట రికార్డు చేసిన ఫైలును మార్చకుండా దాచండి. శుభ్రం చేసేది దాని కాపీనే. కంపైల్ చేయాల్సి వస్తే ముందు ‘డెవ్’ ప్యాకేజీ ఉందేమో చూడండి. మొదటి ఎర్రర్‌ను చివరి అక్షరం దాకా చదవండి.

ఈసారి ఏజాక్స్‌లో మా బతుకమ్మ చుట్టూ అమ్మ, మా ఆవిడ, మా అమ్మాయి తిరిగారు. పాట అందుకున్నది మాత్రం అమ్మమ్మే.